కర్త లేని కార్డు

జూన్ 6

బావగారికి,

మీ ఉత్తరం అందింది. కింది వాటాలో ఉండే ఇంటావిడ పైకి తెచ్చి ఇచ్చేసరికి నేను కిటికీ దగ్గర కూర్చుని, ఆపరేషన్ చేయించుకున్న కంటిని వెలుతురుకు అలవాటు చేసుకుంటున్నాను. రెండో వాక్యం చదివేసరికే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మీరు రాసిన వాక్యాలు ఉన్నవి ఉన్నట్టుగా ఎత్తి రాస్తున్నాను: "మొన్న ఎండకు సోలిపోయింది. భయమేసి నీళ్ళు చల్లాను. నీడకు జరిపాను. సాయంత్రానికి తేరుకుంది." ఎవరు సోలిపోయింది బావగారూ? నా చెల్లెలా, నా చెట్టా? మరి కొన్ని వాక్యాలు గడిస్తే గాని 'కుండీ' అన్న మాట రాలేదు. అంతదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

మన భాషలో ఒక చిక్కు ఉంది. ఏకవచనంలో ఆడమనిషికీ, చెట్టుకూ, మీ షాపులోని గోడగడియారానికీ క్రియ ఒకటే. ఆమె ఆగింది, అదీ ఆగింది. మగవాడికి మాత్రం వేరే రూపం ఏర్పాటు చేశారు. ఈ పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఆడపిల్లలు ఏమడుగుతారోనని చాక్‌పీసు పడిపోయినట్టు నటించి బల్ల కిందికి వంగేవాణ్ణి. ఏమైనా, ఆ చిక్కు విప్పేది కర్త ఒక్కటే. మీరు గడియారం బాగుచేసి ముల్లు బిగించడం మరిచిపోతారా? వాక్యానికి కర్త కూడా అంతే. దయచేసి రాయండి.

ఇక చెట్టు సంగతి. మీ ఆవిడకూ నాకూ మాటలు లేవు గనుక ఈ కింది విషయాలు మీరే చదివి వినిపించవలసింది.

వంపు కోసం కొమ్మలకు చుట్టిన రాగితీగ తీసే సమయమైంది. తీయడమంటే లాగడం కాదు. చిన్న కత్తెరతో ముక్కముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్కా వేలితో తొలగించాలి. ఆలస్యమైతే తీగ బెరడులోకి దిగిపోతుంది. కొత్త చిగుళ్ళను రెండేసి ఆకులు ఉంచి గిల్లమనండి. నీళ్ళు మట్టికి పోయాలి గాని ఆకుల మీద కాదు. మీరు 'చల్లాను' అని రాసిన మాట చదివి నాకు చెమట పట్టింది.

అది కుండీలో పెట్టుకున్న మామూలు మొక్క కాదని, పొట్టిగా పెంచిన బోన్సాయ్ చెట్టని మీకు మళ్ళీ గుర్తుచేయడం నా ధర్మం. నాన్నగారి ఆఫీసు చుట్టూ ఉన్న బాక్స్‌వుడ్ పొదల కంచె పీకేస్తుంటే, ఒక రెమ్మ తెచ్చి నా చేతిలో పెట్టారు. చెల్లెలు అప్పటికింకా పాకుతోంది. ఆ జాతి ఎంత నిదానమైనదంటే, నేను ఉద్యోగంలో చేరి, పదవీవిరమణ చేసి, జుట్టంతా నెరిసేసరికి దాని మాను నా మణికట్టంత అయింది. జానెడున్నర ఎత్తులో ముసలి చెట్టు పోలిక తేవడానికి నాకు ఒక జీవితం పట్టింది. ఈ మేడగదికి ఎండ రాదు గనుకనే దాన్ని మీ వరండాకు పంపాను.

చివరిగా, ఎడమవైపు కింది కొమ్మ. నేను పోయినసారి వచ్చినప్పుడు దాన్ని కోసేయమంటే మీ ఆవిడ కత్తెర వీపు వెనక దాచుకుని, "అది వీధికేసి చూస్తోంది అన్నయ్యా, చూడనీ, నీకేం పోయింది" అన్నది. నాకేం పోయిందో తెలియని మనిషితో నేనేం మాట్లాడను? ఆ కొమ్మ ఉన్నంతకాలం మీ గడప తొక్కనని ఆ రోజే చెప్పాను. ఆ మాట మీదనే ఉన్నాను.

ఆపరేషన్ అయిన కన్ను ఫరవాలేదు. రెండోది మసకగానే ఉంది.

అభిమానంతో,
మాస్టారు


జూన్ 15

మాస్టారు బావగారికి,

నేను బాగున్నాను. మీ చెల్లెలు బాగుంది. చెట్టు బాగుంది. షాపు గడప మీద పడుకునే పిల్లి కూడా బాగుంది. అన్నిటికీ కర్తలు రాశాను, సరిచూసుకోండి.

మీ ఉత్తరం చదివి వినిపించాను. చాక్‌పీసు దగ్గర మీ చెల్లెలికి నవ్వాగలేదు. "ఆ క్లాసులో నేనూ ఉన్నానుగా. బల్ల కిందికెళ్ళిన మనిషి ఎంతకీ పైకి రాడే. నేనే వెళ్ళి, అన్నయ్యా దొరికిందా అని అడిగితే, స్కూల్లో అన్నయ్యా అంటావా అని గోడవైపు నిలబెట్టాడు" అంది. మీరు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

రాగితీగ తీశాం. మీ చెల్లెలు కత్తిరించింది, నేను నా భూతద్దం పెట్టుకుని ముక్కలు ఏరాను. ఒకచోట కాస్త మచ్చ పడింది. గడియారాల్లో స్ప్రింగు కంటే ఇదే కష్టం. నా వేళ్ళను చూసి, "ఇన్నాళ్ళకి పనికొచ్చాయి" అంది, మీ చెల్లెలు.

కొమ్మ సంగతి నేను ఎత్తాను. ఆ కాస్తా కొట్టేస్తే మీ అన్నయ్య వస్తాడు కదా అన్నాను. "చెల్లెలి కోసం రానివాడు కొమ్మ పోతే వస్తాడా? వచ్చి తనే కోసుకోమను. నేను అడ్డం రాను. పక్కన నిలబడి చూస్తానంతే" అంది. పక్కన నిలబడి చూస్తే మీరు కోయలేరని ఆమె ధీమా. నాకూ అదే అనిపిస్తోంది.

ఒక మాట రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఈ మధ్య మీ చెల్లెలికి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. షాపులోంచి పైకి వెళ్తూ మధ్యలో ఆగి, గోడ మీద చెయ్యి వేసి, కిటికీలోంచి వీధి చూస్తున్నట్టు నటిస్తోంది. నేను గడియారంలో తల పెట్టి చూడనట్టు నటిస్తున్నాను. మీరు ఒకసారి వస్తే బాగుండును. రమ్మన్నట్టు రాయొద్దని ఆమె చెప్పింది కాబట్టి, రమ్మన్నట్టు రాయడం లేదు.

మీ బావ,
గడియారాలాయన


జూన్ 27

బావగారికి,

మీ ఉత్తరంలో కర్తలన్నీ ఉన్నాయి. పిల్లి అనవసరం. "అంది, మీ చెల్లెలు" అని వాక్యం చివర కర్తను అతికించడం కూడా శోభించదు. అయినా ఈ వయసులో మీరు దిద్దుకున్నందుకు సంతోషించాను.

గోడవైపు నిలబెట్టిన మాట నిజమే. స్కూల్లో అందరూ పిల్లలే గాని చెల్లెళ్ళు ఉండరు. అది ఆ రోజంతా గోడ మీది పెచ్చులు గోటితో గీకి, ఇంటికి వచ్చాక నాన్నగారికి చూపించింది. చెల్లెల్ని 'అది' అంటున్నందుకు మీరేమీ అనుకోకండి. 'ఆవిడ' అని కోపంలో అంటాను. 'అది' అన్నానంటే కోపం సగం తగ్గిందని లెక్క.

సగమే తగ్గింది. కొమ్మ గురించి నేను మొండికేస్తున్నానని మీరిద్దరూ నవ్వుకుంటున్నట్టున్నారు. నా ఉద్దేశం వివరిస్తాను. బోన్సాయ్‌లో ప్రతి కొమ్మా చెట్టు మొత్తానికి లోబడి ఉండాలి. చిన్న చెట్టును చూసినవాడికి పెద్ద చెట్టు తోచాలి. ఎడమ కింది కొమ్మ అలా అడ్డంగా వీధిలోకి పోతుంటే చూసేవాడికి పెద్ద చెట్టు తోచదు, మాట వినని కొమ్మ ఒక్కటే తోస్తుంది. నేను వంచినవన్నీ వంగాయి. అది ఒక్కటే నేను లేని సమయంలో, ఒక మనిషి గారాబంలో పెరిగింది. పోయినేడాది ప్రదర్శనకు తీసుకువెళ్ళినప్పుడు దాని మీద గుడ్డ కప్పవలసి వచ్చింది. బహుమతి వచ్చిందనుకోండి. గుడ్డ కప్పినందుకు వచ్చింది.

ఆయాసం సంగతి. చిన్నప్పటినుంచీ పరుగెత్తడం, ఆయాసపడటం, తరువాత కూర్చుని నవ్వడం దానికి అలవాటు. మెట్లు తగ్గించమనండి. షాపుకు రోజుకొకసారి దిగితే చాలు. మీ తిండి దానంతట అది మెట్లు దిగి రాదు, తినడానికి మీరే పైకి వెళ్ళండి. అవసరమైతే డాక్టరుకు చూపించండి.

నేను రావడం, రాకపోవడం కొమ్మ మీద ఆధారపడి ఉన్నది. అంతకంటే రాయను.

మాస్టారు


జూలై 21

మాస్టారు బావగారికి,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయకపోవడానికి కారణం ఉంది. మీ చెల్లెల్ని ఆస్పత్రిలో చేర్చాను. మెట్ల మీద కూర్చుండిపోయింది. పిలిస్తే పలికింది గాని లేవలేకపోయింది. గుండె బలహీనంగా ఉందన్నారు. రక్తం తోడే పని అది సరిగ్గా చేయడం లేదట. మందులిచ్చారు. పోయిన సోమవారం ఇంటికి తెచ్చాను. షాపు వెనక గదిలో మంచం వేశాను, మెట్లెక్కే పని లేకుండా.

డాక్టరు చిన్న వయసువాడు. నాకు అర్థమయ్యేలా చెప్పమంటే నా చేతి గడియారం చూసి, "కీ తగ్గిపోయిన గడియారం లాంటిదనుకోండి" అన్నాడు. కీ ఇవ్వొచ్చా అని అడిగాను. అతను మందుల చీటీ నా ముందుకు జరిపాడు.

మేం ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో వానలు పడ్డాయి. షాపు పక్క వరండాలో జల్లు కొట్టి చెట్టు తడుస్తూనే ఉంది. ఇంటికొచ్చి చూస్తే ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, రెమ్మల మీద నల్లటి చారలు. కింద ఆకులు రాలి ఉన్నాయి. మీ చెల్లెలికి చూపించలేదు. చెట్టు ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను. "అబద్ధమాడేటప్పుడు మీరు కళ్ళద్దాలు తుడుచుకుంటారు" అంది. మంచం తలుపు దగ్గరకు జరిపించుకుని, అందులోంచి చూసింది. చాలాసేపు చూసి, "అన్నయ్యకి రాయండి. నా సంగతి కాదు, దీని సంగతి" అంది.

నేను రెండు సంగతులూ రాస్తున్నాను. ఈసారి రమ్మన్నట్టే రాస్తున్నాను. మీరు రావాలి బావగారూ. ఆమె నోరు తెరిచి అడగదు. వీధిలో బస్సు ఆగిన చప్పుడైతే తలుపుకేసి చూస్తుంది. ఎవరి కోసమంటే, కూరగాయలబండి కోసం అంటుంది.

మీ బావ,
గడియారాలాయన


జూలై 28

బావగారికి,

మీ ఉత్తరం చదివాక ఆ రోజంతా గదిలో అటూ ఇటూ నడిచాను. ఇంటావిడ కిందినుంచి, "మాస్టారూ, ఏమైనా పోగొట్టుకున్నారా" అని అడిగింది.

వెంటనే బయలుదేరవలసినవాణ్ణే. రెండో కంటి ఆపరేషన్ ఈ వారంలోనే ఖాయమైంది. తరువాత కొంతకాలం కట్టు ఉంటుంది, ప్రయాణం పనికిరాదని కంటి డాక్టరు గట్టిగా చెప్పాడు. వాయిదా వేయమంటే, మళ్ళీ తేదీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదన్నాడు. కట్టు విప్పిన మర్నాడు బయలుదేరుతాను. ఇది ఖాయం. దానితో ఈ మాట కూడా చెప్పండి: నేను వచ్చేసరికి కొమ్మ అక్కడే ఉన్నా ఏమీ అనను. చూస్తాను గాని అనను.

మందులు వేళకు వేయండి. మీరు ప్రపంచమంతటి గడియారాలూ బాగుచేసి, మీ భోజనం మాత్రం సాయంత్రం చేస్తారు. ఆ పద్ధతి మందుల విషయంలో వద్దు.

చెట్టుకు వచ్చింది బూజుతెగులు. బాక్స్‌వుడ్‌కు ఇంతకంటే శత్రువు లేదు. మచ్చలున్న ఆకులన్నీ ఏరి, రాలినవి కూడా ఏరి, కాల్చేయండి. నల్లచార ఉన్న రెమ్మను చార కింది దాకా కోయండి. కోసిన ప్రతిసారీ కత్తెరను మరిగిన నీళ్ళలో ముంచండి. గాలి తగిలేచోట పెట్టండి. మొక్కలమందు దుకాణంలో బూజుకు పిచికారీ చేసే మందు అడగండి. ఇవన్నీ చేసినా ఒక్కోసారి నిలవదు. నాకు సంగతి తెలుస్తుండాలి. అది బతుకుతుందో, పోతుందో ఎప్పటికప్పుడు ఒక్క ముక్క రాయండి చాలు. కంటికి కట్టు ఉంటే చదివే అద్దాలు పెట్టుకోలేను గనుక ఇంటావిడ చేత చదివించుకోవాలి. పొడుగు ఉత్తరాలు ఆవిడకు కష్టం. నాకోసం మీరు కర్తలూ విశేషణాలూ పేర్చుకుంటూ కూర్చోకండి. వ్యాకరణం తరువాత చూసుకుందాం.

చెల్లెలికి ధైర్యం చెప్పండి.

మాస్టారు


ఆగస్టు 8

మాస్టారు బావగారికి,

పొట్టిగా రాయమన్నారు, రాస్తున్నాను.

మీ చెల్లెలు నయం. కాళ్ళ వాపు తగ్గింది. నిన్న కుర్చీలో కూర్చుని, ముందుగది మీకోసం తుడిపించింది. కొమ్మ ఉన్నా ఏమీ అననన్నారని చెబితే, "అననంటూనే అంటాడు, చూస్తూ ఉండండి" అని నవ్వింది. ఆయాసం లేకుండా నవ్వింది.

చెట్టు బాగాలేదు. సగం ఆకులు పోయాయి. మందు కొడుతున్నాను. నమ్మకం లేదు.

మీ బావ


ఆగస్టు 14

బావగారికి,

నిన్న పొద్దున పోయింది. ముందు రోజంతా బాగానే ఉంది. ఇంత తొందరగా అనుకోలేదు. మీరు రావాలి. నాకేం చెయ్యాలో తోచడం లేదు.

మీ బావ


ఆగస్టు 19

బావగారికి,

మీ కార్డు అందింది. ఇంటావిడ చదివింది. మళ్ళీ చదవమన్నాను. అప్పటికీ తృప్తి లేక, కట్టు కాస్త పక్కకు జరిపి, అద్దాలు పెట్టుకుని నేనే చూసుకున్నాను. 'పోయింది' అన్న చోట సిరా అలుక్కుపోయి ఉంది. కర్త రాయలేదని ఈసారి మిమ్మల్ని తప్పుపట్టను. ఎవరి సంగతో నాకు తెలుసు. రాయడానికి మీకు చేతులు రాలేదనీ తెలుసు.

నయమవుతుందనే అనుకున్నాను. ఎండకు సోలినా, జబ్బుచేసినా సాయంత్రానికి తలెత్తుకోవడం చూసి చూసి నాకు అలా అలవాటైపోయింది. అరచేతిలో ఇమిడేంత ఉన్నప్పుడు నాన్నగారు తెచ్చి నా చేతిలో పెట్టి, "దీని బాధ్యత నీదిరా" అన్నారు. నేనూ కుర్రవాణ్ణే అప్పటికి. ఎలా పట్టుకోవాలో కూడా తెలియక, పడిపోతుందేమోనన్న భయంతో నేల మీద కూర్చుండిపోయాను. అప్పటినుంచీ నా ఎదటే పెరిగింది. నా పద్ధతి కఠినమైనది. కట్టడం, వంచడం, అక్కరలేదనుకున్నది తీసేయడం తప్ప నాకు వేరే విధంగా ప్రేమించడం తెలియదు. నేను వంచినవైపు వంగింది. అయినా తన తీరు కొంత తనకు ఉంచుకుంది. ఆ మొండితనం చూసి కోపగించేవాణ్ణి. ఇప్పుడు ఇక్కడ కూర్చుని తలుచుకుంటే, నేను దిద్దినదానికంటే నా మాట విననిదే కళ్ళ ముందు మెదులుతున్నది.

మీ ఇంటికి పంపిన రోజున నా ఇల్లు బోసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. మీరు నాకంటే బాగా చూసుకున్నారు. మీ వల్ల ఏ లోటూ జరగలేదు. ఈ మాట నేను వచ్చి చెప్పవలసింది. వస్తానని చెప్పి రాలేకపోయాను. నేను దగ్గర ఉండగా పోయి ఉంటే కొంత నయంగా ఉండేది. దాని మీద నాకెంత ఆపేక్షో నేను ఎప్పుడూ దాచుకోలేదు. ప్రదర్శనలో బహుమతి ఇచ్చిన రోజున వేదిక మీదనే అందరికీ చెప్పాను, నా జీవితంలో పెంచి పెద్దచేసింది ఇదొక్కటేనని.

సరే, జరిగింది జరిగింది. ఇక చేయవలసిన పనులు. వేళ్ళతో సహా పీకి, ఆ మట్టి ఎక్కడా మిగలకుండా దూరంగా పారబోయించండి. తెగులు మట్టిలో ఉంటుంది. మాను కాల్చేయండి. కుండీ మాత్రం జాగ్రత్త, ఆ నీలం మెరుగు ఇప్పుడు దొరకదు. మరిగిన నీళ్ళతో కడిగి ఎండబెట్టి ఉంచండి. ఇంకొకటి తెచ్చుకుందాం. ఈసారి చిన్నది, లేతది చూద్దాం, వంచడానికి తేలిక.

దీనికోసం నన్ను రమ్మనడం మీ మంచితనం. ఆ వంకతో నన్ను రప్పించాలన్న మీ ఎత్తు నాకు అర్థం కాకపోలేదు. కట్టు విప్పగానే ఎలాగూ వస్తున్నాను. ఈ కబురు చెల్లెలికి ఒక్కసారిగా చెప్పకండి. గుండె బలహీనమైన మనిషి. మెల్లగా, మాటల్లో పెట్టి చెప్పండి.

మాస్టారు


ఆగస్టు 29

మాస్టారు బావగారికి,

మీ చెల్లెలు పోయింది. చెట్టు బతికే ఉంది.

ఈ రెండు వాక్యాలూ ఆ కార్డు మీద రాయవలసింది. ఒక్క ముక్క చాలన్నారు, ఒక్క ముక్క రాశాను. ఆ పూట నాకు ఇల్లంతా ఆమే. చెట్టన్నది ఒకటి ఉందని కూడా గుర్తు లేదు. 'పోయింది' అంటే ఇంకెవరో అనుకునేవాళ్ళు ఉంటారని నాకు తట్టలేదు.

కార్డు చేరేసరికే అంతా అయిపోయి ఉంటుందని నాకు తెలుసు. అయినా ఆ వారమంతా బస్సు వచ్చే వేళకు షాపు అరుగు మీదికి వచ్చి నిలబడ్డాను.

ఆ రోజు పొద్దున ఆమె వరండాలో కుర్చీలో కూర్చుంది. నేను లోపల గడియారాలకు కీ ఇస్తున్నాను. "టైమెంతయింది" అని అడిగింది. ఏ గడియారం చూసి చెప్పమంటావు అన్నాను. మేం రోజూ ఆడుకునే మాటే. జవాబు రాలేదు. చిరాకు పడిందనుకుని, చేతిలో ఉన్నదానికి కీ ఇవ్వడం పూర్తిచేసి అప్పుడు వెళ్ళాను. ఆ ఒక్కటీ పూర్తిచేయకుండా వెళ్ళి ఉండవలసిందని రోజూ అనుకుంటున్నాను. డాక్టరు మాత్రం తేడా ఉండేది కాదన్నాడు.

ఇప్పుడు మీ ఉత్తరం సంగతి. అది వచ్చేసరికి ఇంట్లో జనం ఉన్నారు. ఎదురింటి టైలరమ్మ, ఆస్పత్రిలో పక్కమంచం ఆవిడ, మా అక్కయ్య, నా పాత ఖాతాదారులు కొందరు. కవరు మీద మీ చేతిరాత చూసి అక్కయ్య, "అన్నగారు రాశారు, పైకి చదవరా" అంది. చదివాను. ఎండకు సోలినా తలెత్తుకునేదని రాసిన చోట టైలరమ్మ ఏడ్చింది. నేల మీద కూర్చుండిపోయానని రాసిన వాక్యం నేను రెండుసార్లు చదివాను. పాకే పిల్లను ఎత్తుకున్న మీరు కనిపించారు నాకు. 'కట్టడం, వంచడం తప్ప నాకు వేరే విధంగా ప్రేమించడం తెలియదు' అని చదివి, ఇన్నేళ్ళ బావగారిని నేనిన్నాళ్ళూ ఎరగనే ఎరగనని అనుకున్నాను. ఆమె వినవలసిందని కూడా అనుకున్నాను. "అన్నంటే అలా ఉండాలి" అంది అక్కయ్య.

అక్కడితో మొదటి పేజీ అయిపోయింది. రెండో పేజీ తిప్పి, పైకి చదివేముందు ఒకసారి కళ్ళతో చూశాను. బహుమతి, వేదిక అని ఉంటే మీరు దుఃఖంలో ఏదో రాశారనుకున్నాను. వేళ్ళతో సహా పీకి అన్న మాట కంటపడగానే ఇక పైకి చదవకూడదనుకున్నాను. మట్టి పారబోయించండి. కాల్చేయండి. ఇంకొకటి తెచ్చుకుందాం, చిన్నది, లేతది. ఒక్క క్షణం మీకు మతి చలించిందనుకున్నాను. తరువాత మీ మీద నాకు వచ్చిన కోపం ఎలాంటిదో రాయను. చెల్లెలికి మెల్లగా చెప్పండి అన్న చివరి మాట దాకా వస్తే గాని నాకు అర్థం కాలేదు. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. మిగతావి ఇంటి విషయాలని చెప్పి మడిచి జేబులో పెట్టుకున్నాను.

కోపం ఇప్పుడు లేదు. తప్పు నాదీ ఉంది.

రెండో పేజీ ఈ కవర్లో పెట్టి మీకు తిప్పి పంపుతున్నాను. మా ఇంట్లో అది ఉండకూడదు. మొదటి పేజీ ఇవ్వను. దాన్ని నా పనిబల్ల సొరుగులో పెట్టుకున్నాను. మీరు అది చెట్టు గురించి రాశారు, నిజమే. నేను విన్నది మాత్రం ఆమె గురించి. అక్కడున్నవాళ్ళందరూ విన్నదీ అదే. నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. మీరూ చెప్పొద్దు.

ఒక్కటే ఇబ్బంది. మొదటి పేజీ వాక్యం మధ్యలో ఆగింది. "దాని మీద నాకెంత ఆపేక్షో నేను ఎప్పుడూ" దగ్గర కాగితం అయిపోయింది. నేను ఆగిపోతే అక్కయ్య, "ఎప్పుడూ? ఎప్పుడూ ఏంటిరా?" అంది. దగ్గు వచ్చినట్టు చేసి తప్పించుకున్నాను. రెండో పేజీలో మొదటి మాట 'దాచుకోలేదు' అని ఉంది. చెట్టు విషయంలో అది సరిపోతుంది. ఆమె విషయంలో ఆ మాట పెడితే అబద్ధమవుతుంది, నాకు అబద్ధం వద్దు. అక్కయ్య ఊరికి వెళ్ళేలోపు మళ్ళీ చదవమని అడుగుతుంది. అక్కడ పెట్టడానికి సరైన మాట మీరే రాసి పంపండి. నాకు వ్యాకరణం రాదు.

మీ బావ


సెప్టెంబరు 5

బావగారికి,

ఇంటావిడ మీ కవరు చించి చదవబోయింది. మొదటి వాక్యం దగ్గరే ఆవిడ ఆగిపోవడం చూసి కాగితం తీసుకున్నాను. కట్టు విప్పుకుని నేనే చదువుకున్నాను. కట్టు ఇంకా ఉండవలసిందట. పోనీయండి.

మీరు తిప్పి పంపిన పేజీ అందింది. మొదటి పేజీ నా దగ్గర లేదు గనుక, అందులోని వాక్యాలు ఒక్కొక్కటే గుర్తుచేసుకుని చూశాను. ఏ ఒక్క మాటా మార్చవలసిన అవసరం కనబడలేదు. అది నాకు ఊరట కాదని మీకు రాయనక్కరలేదు. ఆ మాటలన్నీ నా దగ్గరే ఉన్నాయి. చెల్లెలికి మీ చేత చదివించింది దిద్దుబాట్లే, ఆ మాటలను ఒక చెట్టుకు అప్పగించాను.

మీ తప్పేమీ లేదు. ఆ ఇంట్లో పోయిందంటే ఎవరో తెలుసుకోవడానికి ఎవరికీ కర్త అక్కరలేదు. కర్త అక్కరలేనివాళ్ళలో మొదటివాడు నేనై ఉండవలసింది.

మీరు అడిగిన మాట కోసం రెండు రోజులుగా కూర్చున్నాను. 'ఎప్పుడూ' అన్నది దానంతట అది ఏ వైపూ మొగ్గని మాట. ఎప్పుడూ ఉంటుంది అనవచ్చు, ఎప్పుడూ ఉండదు అనవచ్చు. వెనక వచ్చే క్రియ ఎటు లాగితే అటు పోతుంది. ఇది పిల్లలకు చాలా తేలిగ్గా చెప్పేవాణ్ణి. నాకు మంచి పేరు వచ్చే క్రియలు కొన్ని రాసి చూశాను, కొట్టేశాను. నిజమైనది ఒకటే మిగిలింది. దాన్ని రెండో పేజీగా విడి కాగితం మీద రాసి ఇందులో పెడుతున్నాను. మొదటి పేజీ కింద పెట్టుకుని, అక్కయ్యగారికి కలిపి చదవండి.

గురువారం బస్సుకు వస్తున్నాను. మీరు అరుగు మీదికి రావద్దు. ఇల్లు నాకు తెలుసు.

మాస్టారు


2

చెప్పలేదు.